ఆరావళి రాళ్లపై రెండు చక్రాలు

ఢిల్లీలో కొండలున్నాయంటే మన వైపు నుండి కొత్తగా వచ్చినవారు నమ్మరు. కోటలు, గోరీలు, విశాలమైన రాజవీథులు చూచి తిరుగు రైలెక్కుతారు. రాష్ట్రపతి భవనం నిలిచిన రైసీనా గుట్ట కూడా ఒక పర్వతవంశానికి చెందినదేనని వారికి ఎవరూ చెప్పరు. గుజరాత్‌లో బయలుదేరి, రాజస్థాన్‌ను ఏటవాలుగా దాటి, దాదాపు ఏడువందల కిలోమీటర్లు సాగివచ్చిన ఆరావళి శ్రేణి ఢిల్లీ చేరేసరికి అలసిపోయి, ఉత్తరాన వజీరాబాదు దగ్గర యమున ఒడ్డున తల వాల్చుతుంది. ఈ చివరి మెట్టనే ఇక్కడివారు ‘రిడ్జ్’ అంటారు. ఎత్తు చెప్పుకోదగినది కాదు. మన సింహాచలం పక్కన నిలిపితే గుట్ట అనిపించుకొంటుంది. వయస్సులో మాత్రం హిమాలయాలు దీని ముందు పసిబిడ్డలు.

ఈ కొండల రాయిని క్వార్ట్‌జైట్ అంటారు. ఒకప్పటి ఇసుకరాయి భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి గట్టిపడగా ఏర్పడినది. ఏటిరాయివలె గుండ్రంగా అరగడం దీనికి చేతకాదు. పలకలు పలకలుగా విరిగి, అంచులు కత్తులై నిలుస్తుంది. రాళ్ల సందుల్లో ఎర్రని ముతక ఇసుక. బదర్‌పూర్ ఇసుక అని పేరుపడిన దీనితోనే ఢిల్లీలో ఎన్నో ఇళ్ల గోడలు లేచాయి. ఈ రెంటిమీదా నీడ పట్టినది సర్కారు తుమ్మ. సముద్రాల ఆవలి అమెరికా ఖండం నుండి వచ్చిన ఈ చెట్టును ఇంగ్లీషువారి హయాంలో రిడ్జ్ అంతటా నాటారు. ఇక్కడి పేరు విలాయతీ కీకర్. మన పల్లెల్లో దానిని కొట్టి పొయ్యిలో పెట్టినవారికి దాని ముల్లు సంగతి వివరించనక్కరలేదు. పలకరాయి, జారే ఇసుక, ముల్లు - ఈ మూడూ పగబట్టినట్లు పరచుకొన్న నేలమీద సైకిలు తొక్కాలని ఎవరికైనా కోరిక పుడుతుందా?

పుట్టింది. నాకు కాదు, మా మేనల్లునికి.

మా అక్కయ్య కొడుకు గురుగ్రామ్‌లో ఒక కంపెనీలో ఉద్యోగానికి వచ్చి అప్పటికి ఏడాది. పగలంతా కుర్చీలో, సాయంత్రమంతా రోడ్డుమీది రద్దీలో గడిపే కుర్రవాడు. ఒక ఆదివారం గురుగ్రామ్ నుండి ఫరీదాబాదు వెళ్లే రోడ్డులో, తెల్లవారుజామున, ఎవరో నలుగురు లావుపాటి టైర్ల సైకిళ్లపై తారురోడ్డు వదలి గుట్టల్లోకి మలుపు తిరగడం చూచాడట. ఆ రాత్రే మా ఇంటికి వచ్చాడు.

“మామయ్యా, నాకొక మౌంటెన్ బైకు కావాలి. డబ్బు నాది, బేరం మీది” అన్నాడు.

సైకిలు విషయంలో నన్ను మించిన నిపుణుడు లేడని నాకు అప్పటికి గట్టి నమ్మకం. గంటకింతని అద్దెకు తెచ్చిన సైకిలులో, సీటు అందక, కడ్డీ కింది నుండి కాలు దూర్చి తొక్కడం నేర్చిన తరం మాది. దానినే ఢిల్లీవారు కైంచీ అంటారని తరువాత తెలిసి, పిల్లల అవస్థకు ప్రాంతభేదం లేదుగదా అనుకొన్నాను. 1986లో ఢిల్లీలో నౌకరీలో చేరగానే నేను కొన్నది నల్లని అట్లాస్ సైకిలు. పక్కనే సాహిబాబాదులో అట్లాస్ కర్మాగారం ఉండేది. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, అది మూతబడింది. నా సైకిలు మాత్రం ఇంకా మూతబడలేదు. వారానికొకసారి కూరగాయలకు వెళ్లివస్తుంది. ఇంతటి అనుభవం గలవాణ్ణి కదా అని ఛాతీ విరుచుకొని బేరానికి బయలుదేరాను.

ఢిల్లీలో సైకిళ్లకు రెండు పేటలు ప్రసిద్ధం. చాందినీ చౌక్ పక్కన ఎస్ప్లనేడ్ రోడ్డు పాతది. టోకు వ్యాపారం, ఇరుకు సందు, తలమీద పెట్టెలతో పరుగెత్తే కూలీలు. రెండవది కరోల్‌బాగ్ వైపు ఝండేవాలాన్. నూటయెనిమిది అడుగుల హనుమంతుని విగ్రహం మెట్రో రైలు వంతెన పక్కన నిలిచి ఉంటుంది. దానిని ఆనవాలు పెట్టుకొని వెళ్లితే దారి తప్పదు. చిన్నపిల్లల సైకిళ్లు దుకాణాల చూరులకు దండలవలె వేలాడుతుంటాయి. ఆ దుకాణాలలో ఒకదాని ముందు మా అల్లుడు ఆగిపోయాడు. ముందొక స్ప్రింగు, వెనుకొక స్ప్రింగు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు, ఇరవైయొక్క గేర్లు, తొడంత లావు కడ్డీలు, నిప్పురంగు. పదునాలుగు వేలన్నదానిని పన్నెండుకు దింపి, ఆ పూట నన్ను నేనే మెచ్చుకొన్నాను. ఇంటికి తెచ్చి ఎత్తిచూస్తే నా అట్లాస్ కంటే తేలికేమీ కాదు. అప్పుడైనా అనుమానం రావలసింది.

మూడవ ఆదివారం మధ్యాహ్నం వాడు ఆ సైకిలును భుజాన వేసుకొని ఆరు కిలోమీటర్లు నడచివచ్చాడు. వెనుక ఇరుసు వంగిపోయింది.

మరమ్మతుకు మళ్లీ ఝండేవాలాన్ వెళ్లాము. కొన్న దుకాణానికి కాదు, దానికి ఎదురు సందులో, మెట్లకింద పనిముట్లు పరచుకొని కూర్చున్న ఒక వృద్ధ మేస్త్రీ దగ్గరికి. చక్రం విప్పి చూచి ఆయన నవ్వాడు. “బాబూజీ, ఈ సైకిలును కొండమీద తొక్కడానికి చేయలేదు. కొండ ముందు నిలబెట్టి ఫొటో తీయించుకోవడానికి చేశారు” అన్నాడు. అటుపైన ఒక గంటసేపు, చేతులకు నల్లని గ్రీజుతో, ఆయన చెప్పిన పాఠం నా నలభై ఏండ్ల సైకిలు పాండిత్యాన్ని తుడిచిపెట్టింది.

ఇరుసు ఎందుకు వంగిందంటే, చౌక సైకిళ్లలో వెనుక పళ్లచక్రాల గుత్తి హబ్బుమీద మరచుట్టుతో బిగించి ఉంటుంది. దానిని ఫ్రీవీలు అంటారు. ఇరుసును మోసే గుళ్లు ఆ గుత్తికి లోపలి వైపున ఉండిపోతాయి. ఏడు పళ్లచక్రాల వెడల్పు మేర ఇరుసు ఏ ఆధారమూ లేకుండా బయటికి సాగి ఉంటుంది. రాతిమెట్టు దిగినప్పుడల్లా మనిషి బరువంతా ఆ కొసమీద పడుతుంది. వంగక ఏమి చేస్తుంది? మంచి సైకిళ్లలో పళ్లచక్రాల గుత్తి వేరుగా వచ్చి హబ్బులోని గాడులలో జారి కూర్చొంటుంది. గుళ్లు ఇరుసు చివరిదాకా జరిగి ఉంటాయి. బయటికి రెండూ ఒకేవిధంగా కనిపిస్తాయి. ఇరవైయొక్క గేర్లు అని రంగు అక్షరాలలో రాసినవాడు ఈ సంగతి ఎక్కడా రాయడు. దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న గేర్లెన్ని అన్నది కాదు, ఫ్రీవీలా, క్యాసెట్టా అన్నది.

ఇక స్ప్రింగులు. దెబ్బను మింగడం ఒక పని, మింగినదానిని వెంటనే కక్కకుండా ఉండడం మరొక పని. ఉత్త తీగచుట్ట మొదటిది మాత్రమే చేస్తుంది. రాయి తగిలి కుంచించుకొన్న స్ప్రింగు అంతే వేగంతో విచ్చుకొని, మనిషిని చేతులపట్టున పైకి ఎగరేస్తుంది. లోపల నూనె సన్నని రంధ్రాలగుండా పారుతూ ఆ తిరుగుదెబ్బను ఆపగలిగితేనే అది పనికివచ్చే ఫోర్కు. పరీక్ష సులభం: హ్యాండిలుమీద బరువంతా వేసి నొక్కి, ఒక్కసారి వదలండి. టక్కున లేచి చేతిని కొట్టిందా, వద్దు. నిదానంగా, నిట్టూర్చినట్లు లేచిందా, మాట్లాడవచ్చు. వెనుక స్ప్రింగు సంగతి మరీ కష్టం. దానికి కీళ్లు కావాలి, కీళ్లలో గుళ్లు కావాలి, తొక్కుడు బలాన్ని తినివేయకుండా ఉండే జ్యామితి కావాలి. తక్కువ ధరలో రెండు స్ప్రింగులు దొరికాయంటే ఆ డబ్బును మరెక్కడో కోసివేశారన్నమాట. మొదటి సైకిలు కొనేవారు వెనుక స్ప్రింగు లేనిదానినే ఎంచుకొనడం మేలని మేస్త్రీ తీర్పు. కొన్నవారి పాట్లు చూచినవాణ్ణిగా నేను దానిని బలపరుస్తున్నాను.

ఈ క్రీడ పాత సైకిళ్లతోనే పుట్టిందని తెలిసినప్పుడు నాకు కొంత ఊరట కలిగింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మౌంట్ టమాల్‌పాయిస్ పరిసరాల్లో, కొందరు యువకులు యుద్ధానికి ముందునాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్లను బాగుచేసుకొని కొండబాటల్లో పైనుండి కిందికి దౌడు తీయించేవారు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర మొదటి పందెం జరిగింది. సుమారు మూడున్నర కిలోమీటర్ల దూరంలో నాలుగువందల మీటర్లు దిగే బాట అది. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులు ఆ దిగుడులో కాగిపోయి, హబ్బులోని గ్రీజంతా పొగై పోయేది. ప్రతి దిగుడు తరువాతా కొత్త గ్రీజు నింపుకోవలసిందే. అందువల్లనే ఆ పందేనికి ‘రీప్యాక్’ అనే పేరు నిలిచింది. 1977లో జో బ్రీజ్ అనే యువకుడు ఈ పనికే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. 1979లో గేరీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి కంపెనీ పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ స్టంప్‌జంపర్ పేరుతో కర్మాగారంలో తయారైన సైకిలును బజారుకు తెచ్చింది. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో ఈ క్రీడకు స్థానం దొరికింది. బ్రేకు కాలిపోవడం నుండి పుట్టిన క్రీడ అని అప్పుడు నవ్వుకొన్నాను. బ్రేకును గురించి నేను మరికొంత ఆలోచించి ఉండవలసింది.

రెండవ సైకిలు మాకు దుకాణంలో దొరకలేదు. ఢిల్లీకి మాత్రమే ఉన్న సౌకర్యమొకటి ఉన్నది. చాణక్యపురిలో దేశదేశాల రాయబార కార్యాలయాలు. మూడేండ్లకో, నాలుగేండ్లకో బదిలీపై వెళ్లే ఉద్యోగులు తమ సామాను ఇక్కడే అమ్ముకొని పోతారు. అలా వెళ్లిపోతున్న ఒక ఐరోపా కుటుంబం నుండి మా అల్లుడు ఒక సైకిలు సంపాదించాడు. ఈసారి నేను చేతిలో కాగితంతో వెళ్లి, మేస్త్రీ చెప్పినవన్నీ ఒక్కొక్కటే చూచాను.

ఫ్రేము అల్యూమినియం. కడ్డీకి అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడితే మధ్య రెండంగుళాల పైగా ఖాళీ ఉండాలి. రాళ్లమీద ఉన్నట్టుండి దిగవలసి వచ్చినప్పుడు ఆ ఖాళీయే పరువు కాపాడుతుంది. ఉన్నది. ముందు పళ్లచక్రం ఒకటే. వెనుక చిన్నదానికి పదకొండు పళ్లు, పెద్దదానికి నలభైయారు. ముందు మూడు, వెనుక ఏడు అనే లెక్క పోయి, ఇప్పుడు ముందొకటి మాత్రమే ఉంచి వెనుకవైపు విస్తరించారు; ఎగుడుదిగుళ్లలో గొలుసు ఊడే బెడద తగ్గింది. గేర్లు జపానులోని సకాయి పట్టణంలో 1921లో మొదలైన షిమానో సంస్థవి. గేరు మార్చే మరచేయి ఫ్రేముకు తగులుకొనేచోట వ్రేలెడంత మెత్తని లోహపు ముక్క ఉంటుంది. రాయి తగిలితే అది విరిగిపోయి ఫ్రేమును కాపాడుతుంది. ఒక్కొక్క ఫ్రేముకు ఒక్కొక్క ఆకారం గనుక అడవిలో ఎవరినీ అడిగి పుచ్చుకోలేము. అదనంగా ఒకటి జేబులో ఉండాలి. ఆ గృహస్థు రెండు ఇచ్చాడు.

చక్రాలు 29 అంగుళాలవి. ఇక్కడ నాకొక చమత్కారం దొరికింది. నా నల్ల అట్లాస్ చక్రాన్ని 28 అంగుళాలు అంటారు. కాని టైరు కూర్చొనే అంచు దగ్గర కొలిస్తే నాది 635 మిల్లీమీటర్లు, ఈ నవనాగరికపు ఇరవైతొమ్మిది 622 మాత్రమే. టైరు లావు కలుపుకొని పెద్దదనిపించుకొంటున్నది. చక్రాల విషయంలో అంగుళాలను నమ్మరాదు. టైరు పక్కన చిన్న అక్షరాలతో ముద్రించిన మిల్లీమీటర్లను నమ్మాలి. పాతకాలపు మౌంటెన్ బైకుల ఇరవైయారు అంగుళాలది 559, మధ్యరకం ఇరవైయేడున్నరది 584. ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు.

గాలి విషయంలోనూ నా చదువు తలక్రిందులైంది. టైరు రాయివలె గట్టిపడేదాకా పంపు కొట్టడం మా అలవాటు. రాతినేలపై అలా కొడితే చక్రం రాయిమీద నుండి రాయిమీదికి బంతివలె గెంతుతుంది. రెండుంపావు అంగుళాల లావు టైరులో పాతిక, ముప్పై పౌండ్ల గాలి చాలు. రబ్బరు రాతిని కరచుకొంటుంది. ట్యూబు ఉంటే అంత తక్కువ గాలికి రిమ్ము, రాయి నడుమ నలిగి పాము కాటువలె రెండు రంధ్రాలు పడతాయి. అందుకే ట్యూబు తీసివేసి, టైరులో పాలవంటి ద్రవం పోసి ఉంచుతారు. ముల్లు దిగినచోటికి అది పరుగెత్తి గడ్డకట్టి పూడుస్తుంది. సర్కారు తుమ్మ రాజ్యంలో ఇంతకంటె గొప్ప ఆవిష్కరణ లేదు. ఢిల్లీ ఎండకు ఆ పాలు త్వరగా ఎండుతాయి గనుక వేసవిలో మరింత తరచుగా చూచుకోవాలి.

బ్రేకులు హైడ్రాలిక్. తీగ బదులు సన్నని గొట్టంలో నూనె. ఒక్క వ్రేలితో మీటితే చక్రం నిలుస్తుంది. తీగ బ్రేకులలో ఢిల్లీ దుమ్ము చేరి బిగుసుకుపోతుంది. నూనెగొట్టంలోకి దుమ్ము పోదు. మీటి చూచాను, అద్భుతమనుకొన్నాను, కాగితంమీద టిక్కు పెట్టాను. ఏ మీట ఏ చక్రానిదో చూడలేదు.

హెల్మెట్టు విషయంలో మాత్రం మామా అల్లుళ్లకు వాదం వచ్చింది. “మేము యాభై ఏండ్లు తొక్కాము, నెత్తిన కుండ బోర్లించుకొన్నామా?” అన్నాను. స్కూటరు నడిపేవారికి హెల్మెట్టు తప్పదని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. సైకిలు దాని కిందికి రాదు. అంతగా కావాలంటే నా స్కూటరు హెల్మెట్టే ఉన్నది, ఐ.ఎస్.ఐ. ముద్రతో సహా. వాడు ఓపికగా విన్నాడు. స్కూటరుది బరువు, గాలిరాదు. నలభై డిగ్రీల ఎండలో ఎగువకు తొక్కేవాని నెత్తిమీద అది కుంపటి అన్నాడు. కాలిబాటమీద మూడువందలకు అమ్మే మెరుపు హెల్మెట్టు నేను చూపితే, లోపల అట్ట తిరగేసి, “ఏ ప్రమాణమూ రాయలేదు మామయ్యా” అని అక్కడే పెట్టేశాడు. చివరికి తన సొంత డబ్బుతో, నా బేరం లేకుండా, అయిదువేల పైచిలుకు పెట్టి ఒకటి తెచ్చుకొన్నాడు. ఆ ధర విని రెండురోజులు వాడితో సరిగా మాట్లాడలేదు.

పైన పలుచని ప్లాస్టిక్కు పెంకు, లోపల మనమెరిగిన తెల్లని థర్మోకోలు జాతిదే. టెలివిజను పెట్టెలో వచ్చేదానికి అక్క వరుస. అయిదువేలు పోసి థర్మోకోలా అని వెక్కిరించాను. అది నలగడమే దాని పని అన్న సంగతి నాకప్పుడు పట్టలేదు. తల రాతికి నేరుగా తగిలితే వేగమంతా మిల్లీమీటర్లలో ఆగిపోతుంది. లోపలి మెదడు పుర్రె గోడకు కొట్టుకొంటుంది. నురుగు నలుగుతూ ఆ ఆగుడును ఒక అంగుళం దాకా సాగదీస్తుంది. ఐరోపావారి ఇ.ఎన్. 1078 ప్రమాణం ప్రకారం, లోహపు తలకు హెల్మెట్టు తొడిగి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తునుండి చదునైన ఇనుప దిమ్మెపై పడవేస్తారు. లోపలి తలకు తగిలే అదురు భూమ్యాకర్షణకు 250 రెట్లు మించరాదు. అమెరికావారి సి.పి.ఎస్.సి. పరీక్షలో ఎత్తు రెండు మీటర్లు, హద్దు 300 రెట్లు. కొండబాటకు వాడే హెల్మెట్టు తలవెనుక భాగాన్ని రోడ్డు హెల్మెట్టుకంటె కిందిదాకా కప్పుతుంది. మా అల్లుడు తెచ్చినదానిలో పసుపుపచ్చని పలుచని పొర ఒకటి అదనంగా ఉన్నది. ఏటవాలుగా పడినప్పుడు తల మెలితిరిగే బలాన్ని తగ్గించడానికి, పెంకు తలపై కొద్దిగా జారేటట్లు స్వీడనువారు కనిపెట్టిన ఏర్పాటు అది.

తొడుక్కొనే తీరు కూడా నేర్పాడు. ముందంచు కనుబొమలకు రెండు వ్రేళ్ల పైన ఉండాలి. నుదురంతా కనిపించేటట్లు వెనక్కి నెట్టినవారు హెల్మెట్టు పెట్టుకోనట్లే. పట్టీలు చెవికింద కలియాలి, గడ్డం కింద ఒక వ్రేలు మాత్రమే దూరాలి. తల విదిలిస్తే కదలరాదు.

వర్షాలు వెళ్లిన తరువాత, దీపావళి పొగ కమ్మకముందు, ఢిల్లీలో కొన్ని వారాలపాటు ఆకాశం నిజంగా నీలంగా ఉంటుంది. కొండ సైకిలుకు అదే అదను. మళ్లీ ఫిబ్రవరి, మార్చి నెలలు. నవంబరు గాలిలో ఎగువకు తొక్కుతూ రొప్పడం ఆరోగ్యానికని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. ఎక్కడ తొక్కాలన్నది మరొక ప్రశ్న. అసోలా-భట్టీ అభయారణ్యం ఒకప్పటి గనుల నేల. 1986లో కొంత, 1991లో కొంత కలిపి ఏర్పరచారు. చిరుతపులులు తిరుగుతున్నట్లు కెమెరాలు పట్టి ఇచ్చాయి. అటవీశాఖ అనుమతి లేనిదే లోపలికి పోరాదు. దానికి దక్షిణంగా ఫరీదాబాదు జిల్లాలో మాంగర్ బనీ. గుదరియా దాస్ బాబా వనమని చుట్టుపక్కల గుజ్జర్ల నమ్మకం. అందులో ఒక రెమ్మ విరవరు. సర్కారు తుమ్మ ఆక్రమించని ధవ్ చెట్ల అడవి ఢిల్లీ చుట్టూ ఎలా ఉండేదో చూడాలంటే అక్కడే చూడాలి. మా అల్లుడు, వాని మిత్రులు ఆ వనంలో చక్రం పెట్టరాదని తమలో తాము కట్టడి చేసుకొన్నారు. చక్రం పోయినచోట వాననీరు కాలువ కడుతుంది, కాలువ మట్టిని తోడుతుంది. ఆరావళిలో ఫరీదాబాదు, గుర్గావ్ జిల్లాల గనుల తవ్వకాన్ని సుప్రీంకోర్టు 2002లోనూ, మళ్లీ 2009లోనూ ఆపవలసి వచ్చింది. లారీలు వదిలిన గాయాలపై సైకిళ్లు కొత్తవి గీయనక్కరలేదు. పాత గనిబాటలు, మేకలబాటలు కావలసినన్ని ఉన్నాయి.

అలాంటి ఒక పాత గనిబాట కింద, అక్టోబరు ఆదివారం, ఫ్లాస్కులో కాఫీతో నేను రాయిమీద కూర్చొని ఉన్నాను. కొత్త సైకిలుకు అది మూడవ వారం. నెమలి అరుస్తున్నది. దూరాన బంధ్వారీ చెత్తగుట్ట మీద గద్దలు తిరుగుతున్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడు కాఫీ వాసన ఓడిపోతున్నది. పైనుండి నలుగురు దిగుతున్నారు. రెండవవాడు మావాడు. చివరి మలుపులో రాతిమెట్టు, దానికింద ఇసుక. మెట్టు అంచున ఒక నీల్‌గాయి అడ్డంగా దూకింది. మావాడు బ్రేకు పట్టాడు. ముందు చక్రం మేకు కొట్టినట్లు నిలిచిపోయింది. వెనుక చక్రం ఆకాశానికి లేచింది. మనిషి హ్యాండిలు మీదుగా వచ్చి పలకరాళ్లపై పడ్డాడు. తల రాతికి తగిలిన చప్పుడు నాకు నలభై గజాల దూరానికి వినిపించింది. కొబ్బరికాయ కొట్టినట్లు. ఆ చప్పుడు వేరే ఏమీ కాదని ఇప్పటికీ చెప్పలేను.

ఎలా ఎక్కానో తెలియదు, ఎక్కాను. వాడు కళ్లు తెరచి ఉన్నాడు. “మామయ్యా, సైకిలుకు ఏమైనా అయిందా?” అన్నాడు. ఏ రోజని అడిగితే ఆదివారమన్నాడు. తల్లి పేరు అడిగితే విసుగ్గా చెప్పాడు. భుజం దగ్గర ఎముక ఉబ్బి కనిపిస్తున్నది. తువ్వాలుతో చేతిని మెడకు కట్టి, ముగ్గురు మిత్రులు పట్టుకొని రోడ్డుకు దించారు. హెల్మెట్టును నేను పట్టుకొన్నాను. బయట ఒక గీత మాత్రమే. వెనక్కి తిప్పితే తెల్లని నురుగులో కణత వెనుక నుండి మెడదాకా చీలిక. నా చిటికెనవ్రేలు పట్టేంత. చీలిక పక్కన నురుగు బొటనవ్రేలితో అదిమినట్లు లోపలికి కుదించుకుపోయి ఉన్నది.

కాలరు బోను విరిగింది. తలకు స్కాను తీసి ఏమీ లేదన్నారు. ఒక రాత్రి ఉంచుకొని పంపారు. ఆ రాత్రి నేను ఇంటికి వచ్చి, నిద్రపట్టక, సైకిలును వరండాలో తలక్రిందులుగా నిలిపి చక్రాలు తిప్పాను. ఎడమ మీట నొక్కాను. ముందు చక్రం ఆగింది.

మన దేశంలో కుడిచేతి మీట ముందు చక్రానిది, ఎడమది వెనుకది. ఇంగ్లండులోనూ అంతే. ఐరోపా ఖండంలోనూ, అమెరికాలోనూ దీనికి విరుద్ధం. మావాడు చిన్ననాటి నుండి ఎడమచేత్తో వెనుక చక్రాన్ని ఆపుతూ వచ్చాడు. మరునాడు అడిగితే, “ఎడమది ముందుదని తెలుసు మామయ్యా, మొదటిరోజే చూచాను” అన్నాడు. బుద్ధికి తెలుసు. నీల్‌గాయి దూకినప్పుడు బుద్ధిని ఎవరు అడిగారు? వ్రేళ్లకు తెలియలేదు. నా అట్లాస్‌వంటి బ్రేకయితే అంత గట్టిగా పట్టినా చక్రం గునుస్తూ కొంతదూరం సాగేది. ఈ బ్రేకు ఒక్క వ్రేలి మీటుకు కట్టిపడేసింది. మంచిదయిన కొద్దీ పొరపాటును కూడా అంత బాగా అమలు చేస్తుంది కాబోలు.

అక్కయ్యకు నేనే ఫోను చేశాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “తలకేమీ కాలేదుగదా తమ్ముడూ?” అన్నది. కాలేదన్నాను. “నువ్వే కొనిపెట్టావా ఆ టోపీ?” అన్నది. నాకు జవాబు రాలేదు.

ఆరు వారాల తరువాత వాని చెయ్యి పైకి లేచింది. సైకిలును ఝండేవాలాన్ మేస్త్రీ దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన రెండు గొట్టాలూ మీటల దగ్గర విప్పి, కొసలనున్న ఇత్తడి ఉంగరాలు తీసి కొత్తవి వేసి, అటుదిటు, ఇటుదటు బిగించాడు. పిచికారీతో నూనె నింపుతూ, గొట్టాన్ని గోటితో కొట్టి బుడగలు పైకి రప్పించాడు. షిమానో బ్రేకుకు ఖనిజ తైలమే పోయాలని, కొన్ని ఇతర కంపెనీలవి వేరే ద్రవం తాగుతాయని, ఒకదానిది ఒకదానిలో పోస్తే లోపలి రబ్బరు పాడవుతుందని చెప్పాడు. పనికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ నేను పక్క దుకాణంలో కొత్త హెల్మెట్టు ఎంచుతూ నిలబడ్డాను. దెబ్బ తగిలినది మళ్లీ పనికిరాదు. పైకి బాగున్నట్లు కనిపించినా నలిగిన నురుగు రెండవసారి నలగదు. అట్ట తిరగేసి ప్రమాణం చదివాను, వెనుక కప్పు చూచాను, తలకు పెట్టుకొని విదిలించాను. ధర చెప్పారు. బేరం చేయలేదు.

“ఇంకొకటి కూడా ఇవ్వండి” అన్నాను. “నా తల కొలత తీసుకోండి.”

దుకాణదారు నావంక, గుమ్మానికి ఆనించిన నా అట్లాస్ వంక చూచి, టేపు అందుకొన్నాడు.